రైలు పెద్దదయ్యేకొద్దీ ఊరు చిన్నదైపోతుంది

పోయిన నెల ఒక శనివారం మా ఆఫీసులో సీనియర్ ఒకాయన ఇంటికి పిలిచి, అద్దాల బీరువా తాళం తీసి, లోపల్నించి ఒక ఇంజను నా చేతిలో పెట్టాడు. చంటిపిల్లని అందిస్తారే, అలా, రెండు చేతుల్తో. నేనూ రెండు చేతుల్తోనే అందుకున్నా. రెండు కేజీల పైమాటే. తలుపుకి నిజం గొళ్ళెం, లోపల డ్రైవరు, డ్రైవరుకి మీసం. "ఇదీ రైలంటే. నీ దగ్గరున్నవి కీచైన్లు తమ్ముడూ" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పన్నెండింటికి లేచి లాప్‌టాప్ తెరిచి, నాలుగేళ్ళుగా పోగేసిన నా చిన్న రైళ్ళూ పట్టాలూ మొత్తం అమ్మేస్తే ఎంతొస్తుందో స్ప్రెడ్‌షీటు వేశా. అలాంటి పెద్ద ఇంజను ఒకటీ, పెట్టెలు రెండూ వస్తాయని తేలింది. తెల్లారేలోపు అమ్మకం ప్రకటన కూడా రాసేశా. అది ఎవరికీ పంపలేదు. ఎందుకు పంపలేదో, ఈ పెద్ద స్కేలు మోజంటే నాకెందుకింత మంటో చెప్తాను. బొమ్మ రైళ్ళ గోల మాకెందుకు అనుకునేవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు, తర్వాత స్టాపు లేదు :)

మాది కృష్ణదేవిపేట. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న ఊరు. రైలు లేదు, రైలు కూత కూడా వినపడదు. రైలు చూడాలంటే బస్సెక్కి నర్సీపట్నం వెళ్ళాలి. తీరా వెళ్తే అక్కడా రైల్లేదు. 'నర్సీపట్నం రోడ్డు' అని స్టేషనొకటి ఉంది గానీ, అది నర్సీపట్నంలో ఉండదు. హౌరా-మద్రాసు లైన్లో తునికీ ఎలమంచిలికీ మధ్య ఎక్కడో ఉంటుంది. స్టేషను పేరు చివర 'రోడ్డు' అనే తోక కనిపించిందంటే ఊరు అక్కడ లేదని అర్థం. ఇంకో బస్సెక్కమని రైల్వేవాళ్ళు మర్యాదగా చెప్పే పద్ధతి అది.

నాకు ఆరేళ్ళప్పుడు నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. ఎవరినీ ఎక్కించడానికి కాదు, దించుకోడానికీ కాదు. ఉత్తినే, రైలు చూపించడానికి. మధ్యాహ్నం నించి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాం. కోరమాండల్ లాంటి బళ్ళు అక్కడ ఆగవు. ముందు పట్టాలు సన్నగా మూలిగేవి. తర్వాత హోరు, గాలి, దుమ్ము. నాన్న వేళ్ళు మడుస్తూ పెట్టెలు గట్టిగా లెక్కపెట్టేవాడు, నేను వెనకాల అరిచేవాణ్ణి. ఇరవై దాటాక ఇద్దరికీ లెక్క తప్పిపోయేది. ఆఖరి పెట్టె వెనక పసుప్పచ్చ ఇంటూ గుర్తు కనపడి, చిన్నదై, మాయమయ్యేది. లెక్క తప్పిపోయేంత పొడుగు! నాకు రైలంటే అదే, ఇంజను కాదు.

ఇప్పుడు కొంచెం లెక్కలు. ఇంజనీరింగ్ చదివిన పాపానికి తప్పదు. బొమ్మ రైళ్ళలో ప్రపంచమంతా ఎక్కువగా ఆడేది హెచ్ఓ స్కేలు. అసలు దాంట్లో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. నావి ఇవే. ఇంతకన్నా చిన్నది ఎన్ స్కేలు, 160వ వంతు. పైన అమెరికా వాళ్ళ ఓ స్కేలు, 48వ వంతు. ఆ పైన మా సీనియర్ గారి బీరువాలో ఉన్న జీ స్కేలు, 22.5వ వంతు, పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు. 1968లో ఎల్జీబీ అనే జర్మన్ కంపెనీ మొదలెట్టింది.

మన మామూలు నీలం పెట్టె సుమారు 22 మీటర్లుంటుంది. హెచ్ఓలో అది 25 సెంటీమీటర్లు, జీలో దగ్గరదగ్గర మీటరు. ఇరవై నాలుగు పెట్టెల బండి కావాలంటే హెచ్ఓలో ఆరు మీటర్లు, ఓలో పదకొండు, జీలో ఇరవై మూడున్నర మీటర్లు. నా గది పదకొండడుగులు × పది. జీ అయితే ఇంజనూ, రెండు పెట్టెలూ పెడితే గోడ తగుల్తుంది. ఇక లెక్కపెట్టేదేముంది? ఒకటి, రెండు, గోడ.

అసలు దెబ్బ నేల దగ్గర తగుల్తుంది. అదే గది హెచ్ఓలో 290 మీటర్లు × 265 మీటర్ల భూమి. అందులో స్టేషనూ, లెవెల్ క్రాసింగూ, కాకా హోటలూ, చెరువు గట్టూ, తాటిచెట్ల వరసా పడతాయి. జీలో అదే గది 75 × 69 మీటర్లు. పదిహేనో వంతు. ప్లాట్‌ఫారం కూడా పట్టదు. (హెచ్ఓలో మాత్రం పూర్తి ప్లాట్‌ఫారం పడుతుందా అంటారేమో. పట్టదు. అసలుది అర కిలోమీటరు పైన ఉంటుంది. నేనూ కుదించే కట్టాను. కుదించినా అది స్టేషనులా ఉంది, షోరూములా లేదు.)

పెద్ద స్కేలు వాళ్ళు మొదట చెప్పే మాట, పెద్దదైతే నిజానికి దగ్గరగా ఉంటుందని. మన రైళ్ళ విషయంలో ఇది శుద్ధ అబద్ధం. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. హెచ్ఓలో లెక్క ప్రకారం 19.3 రావాలి, మనం నడిపేది 16.5 మీద. ఏడో వంతు తక్కువ, ఒప్పుకుంటా. మరి జీలో 74.5 రావాలి, వాళ్ళ పట్టా 45. నలభై శాతం తరుగు! ఏనుగుకి మేక కాళ్ళు పెట్టి, గొళ్ళెం ఎంత నిజంగా ఉందో చూడమంటున్నారు.

న్యాయంగా చెప్పాలంటే జీ స్కేలు సరిగ్గా అతికేది మీటర్‌గేజికి. వెయ్యిని 22.5తో భాగిస్తే 44.4. గుంటూరు నించి నంద్యాల మీదుగా గుంతకల్లు వెళ్ళే లైను 1990ల్లో బ్రాడ్‌గేజి చేసేదాకా మీటర్‌గేజే. ఎవరైనా ఆ లైను గుర్తుగా పెద్ద పెరట్లో జీ స్కేలు వేసుకుంటే నేనే వెళ్ళి మట్టి మోస్తా.

నన్ను నిజంగా ఊగించిన లెక్క ఇంకోటుంది. నౌపడ నించి పర్లాకిమిడి వెళ్ళిన బుల్లి రైలు విన్నారు కదా, పర్లాకిమిడి రాజావారు వేయించింది, 1900లో మొదలైంది. రెండున్నర అడుగుల గేజి, అంటే 30 అంగుళాలు. 2004లో ఆగిపోయింది, 2011కి బ్రాడ్‌గేజి అయి తిరిగొచ్చింది. అమెరికా వాళ్ళు ఓ స్కేలులో సరిగ్గా 30 అంగుళాల గేజి బళ్ళని మన హెచ్ఓ పట్టాల మీదే నడుపుతారు. 1998 నించి బాక్‌మన్ కంపెనీ రెడీమేడుగా అమ్ముతోంది. అంటే నా పట్టాలు నాకే ఉంటాయి, రైలు మాత్రం రెట్టింపు అవుతుంది, పైగా మన శ్రీకాకుళం రైలు అనే సాకు కూడా దొరికింది. మోజు ఎప్పుడూ ఇలాగే వస్తుంది, సగం సామాను మన ఇంట్లోనే ఉందని చెప్తూ. రెండ్రోజులు ఆ లెక్కలోనే ఉన్నా. తర్వాత అర్థమైంది, నేను పర్లాకిమిడి రైలు ఎప్పుడూ ఎక్కలేదు, చూడనే లేదు. నాకు కావల్సింది ఆ రైలు కాదు, 'రెట్టింపు' అన్న మాట.

చోటు లేనివాడి ఏడుపు అంటాడు మా సీనియర్. సరే, చోటున్నవాళ్ళేం చేశారో చూద్దాం. హాంబర్గులో 2001లో మొదలైన మినియేచర్ వండర్‌లాండ్ 1,500 చదరపు మీటర్లు దాటింది. రైళ్ళు హెచ్ఓ. న్యూజెర్సీ ఫ్లెమింగ్టన్‌లో 1996లో తెరిచిన నార్త్‌లాండ్స్, ఆన్‌సైట్ వెళ్ళినప్పుడు నేను రెండుసార్లు చూశాను, కొండలూ లోయలూ వంతెనలూ నడుస్తూ చూడాలి. హెచ్ఓ. మన పుణెలో 1998 నించి ఉన్న జోషీ గారి మ్యూజియం కూడా అదే కొలత. గోదాములంత చోటున్నవాళ్ళు ఆ చోటుని ఊళ్ళకీ కొండలకీ ఇచ్చారు. పన్నెండో అంతస్తులో రెండు బెడ్రూముల ఫ్లాటు వాళ్ళు ఇంజనుకి ఇస్తున్నారు. అమెరికాలో పెరళ్ళున్న మనవాళ్ళు జీ స్కేలు తోటలో వేసుకుంటే నాకేం పేచీ లేదు, ఎండావానా తట్టుకునేలా చేసిందే అది. బీరువాలో పెట్టుకోడానికి ఎండావానా ఎందుకు?

మా సీనియర్ దగ్గర పద్నాలుగు ఇంజన్లున్నాయి. పట్టా ఎంతుందని అడిగితే ఇంజను నిలబెట్టే ముక్కలు చూపించాడు, అడుగేసి. పద్నాలుగడుగుల రైల్వే! అదీ పద్నాలుగు ముక్కలుగా. డబ్బు ఆయనది, నాకెందుకు? కానీ 2020లో ఆటబొమ్మల కస్టమ్స్ సుంకం 20 నించి 60 శాతానికీ, 2023లో 70కీ వెళ్ళాక కూడా, వచ్చే ప్రతి కుర్రాడికీ ఆ బీరువా తెరిచి "నీవి కీచైన్లు" అనడం ఉంది చూశారూ, అది నాకు మంట. మా టీంలో ఇంకో కుర్రాడు ఎన్ స్కేలుతో మొదలెట్టి, ఆ మాట విని, ఉన్నవి అటక మీద పడేశాడు. పెద్దది కొనలేడు, చిన్నదంటే ఇప్పుడు నామోషీ. అలా ఒక రైల్వే లైను ఎత్తేశారు.

అన్నట్టు, కొలత గురించి మా ఊరివాడిగా ఒక మాట. 2022లో భీమవరంలో అల్లూరికి 30 అడుగుల కంచు విగ్రహం పెట్టారు. చూశాను, బాగుంది. తలెత్తి చూసి, ఫొటో దిగి వచ్చేశాను. మా ఊళ్ళో సమాధి దగ్గర ఎవరూ తలెత్తక్కర్లేదు. బయటూరి చుట్టాలు ఇంతేనా అన్నట్టు లోపలికెళ్తారు, పది నిమిషాల తర్వాత మాట్లాడకుండా బయటికొస్తారు. ఇంతకుమించి దీన్ని సాగదీయను.

ప్రకటన ఎందుకు పంపలేదో చెప్తానన్నాను కదా. ఆ ఆదివారం పొద్దున్న నాన్నకి ఫోన్ చేశా.

"నాన్నా, పెద్ద ఇంజనొకటి కొందామనుకుంటన్నాను."

"పెద్దదంటే ఎంతరా?"

"మూరెడు ఉంటాది."

"మరి ఎక్కడికెల్తాది?"

"ఎక్కడికీ ఎల్దు. గదిలో చోటు లేదు. బీరువాలో ఉంటాది."

"ఓర్నీ. మరి దానికి చక్రాలెందుకురా?"

పెరట్లో వేద్దామా అని కూడా అడిగా. కోళ్ళు ఎక్కి కూచుంటాయన్నాడు. ఆ తర్వాత, "మన టేసను అయ్యిందా?" అన్నాడు. మన టేసను అంటే నేను కడుతున్నది. పోయిన సంక్రాంతికి ఫోన్లో ఫొటో చూపించా, అప్పట్నించీ అది ఆయనది కూడా. లేదు నాన్నా, ఇంకా చెట్టు పెట్టలేదన్నా. అమ్మేద్దామనుకున్నానని చెప్పలేకపోయా.

ఫోన్ పెట్టేసి బల్ల దగ్గరకెళ్ళా. బెంచీ మీద ఇద్దరు మనుషులుంటారు, ఒక పెద్దవాడు, ఒక పిల్లాడు. పెట్టెలో దొరికే జర్మన్ బొమ్మలే. టోపీ గీకేసి, భుజం మీద రంగుతో తువ్వాలు దిద్దాను. హెచ్ఓలో మనిషి రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు, మొహం ఉండాల్సిన చోట ఒక చుక్క. అందుకే ఆ చుక్క మా నాన్న కాగలిగాడు. జీలో అదే మనిషి ఏడున్నర సెంటీమీటర్లు, కళ్ళూ ముక్కూ చెక్కి ఉంటాయి, తువ్వాలు వేసినా ఆయన మ్యూనిక్ నించి వచ్చినాయనే. మా సీనియర్ ఇంజను డ్రైవరు మీసం ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది. నర్సీపట్నం రోడ్డులో నేను చూసిన ఒక్క డ్రైవరు మొహమూ గుర్తులేదు, కనపడితే కదా.

నా దగ్గర పెట్టెలు పందొమ్మిదే ఉన్నాయి. అన్నీ తగిలిస్తే రైలు గదిలోంచి బయటికొచ్చేస్తుంది, అందుకని గుమ్మం దగ్గర గోడకి ఓ కన్నం పెట్టి హాల్లోకి లాగాలి. ఓనరు ఒప్పుకోడు, అయినా అడుగుతా. ఇంకో ఐదు పెట్టెలు కొనాలి. ఆ రాత్రి వేసిన స్ప్రెడ్‌షీటులోనే పైన పేరు మార్చి ఆ లెక్క రాసుకుంటున్నా.

చెట్టు మాత్రం తేలలేదు. బెంచీ వెనకాల ఉన్నది వేపా, నిద్రగన్నేరా అని నాకూ నాన్నకీ పేచీ. వచ్చే నెల ఊరెళ్ళినప్పుడు ఇద్దరం రెండు బస్సులు మారి వెళ్ళి చూసొస్తాం.