ఏనుగును కట్టేస్తే గోడే

ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్న మన సామెత యూదు ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తల్మూదు పండితుల చెవిన పడి ఉండదు గానీ, ఆ లెక్క మాత్రం వాళ్లకు బాగా తెలుసు. తెలుగు బైబిలు పర్ణశాలల పండుగ అనే సుక్కోత్‌కు యూదులు ఇంటి బయట పందిరి వేసుకుని వారం పాటు అందులో భోజనం చేస్తారు, వీలైనవాళ్లు అక్కడే పడుకుంటారు. దాని పైకప్పు భూమిలో మొలిచి కోసి తెచ్చినదే కావాలి, లోపల ఎండ కంటే నీడ ఎక్కువ పడాలి. గోడలు దేనితో కట్టాలన్న పట్టింపు లేదు. మరి పశువును నిలబెట్టి ఇదే గోడ అంటే కుదురుతుందా? అది పారిపోతే? చచ్చిపోతే? అలా సాగిన చర్చ కట్టేసిన ఏనుగు దగ్గర తేలింది. కట్టేశారు గనక పారిపోదు. చచ్చి కూలినా దాని కళేబరం పది బెత్తెల ఎత్తుంటుంది. గోడకు కావాల్సింది అంతే. పండుగకు ఏనుగును గోడగా నిలిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. శాసనం ఎక్కడ కచ్చితంగా మాట్లాడుతుందో, ఎక్కడ నోరు మూసుకుంటుందో ఈ చర్చ చూపిస్తుంది. ఈనాటి కళాకారులు సిలికోన్ దీపాలు, అట్టముక్కల పందిళ్లు, వంటింటి ఏప్రన్‌లాంటి ప్రార్థనవస్త్రాలు చేస్తుంటే సంప్రదాయం మంటగలిసిందని బాధపడేవాళ్లు ఆ మౌనాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. యూదు మతం కట్టడి చేసేది చేసే పనిని, రాసే అక్షరాన్ని. చేతిలో పట్టుకునే వస్తువు రూపాన్ని చాలావరకు చేసేవాడికే వదిలేసింది. అందుకే ఆ వస్తువు కొత్తగా ఉన్నంత మాత్రాన చెడదు, వాడకం ఆగిపోయినప్పుడు చెడుతుంది.

2010 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని యూనియన్ స్క్వేర్‌లో జరిగిన సుక్కా సిటీ దీనికి మంచి సాక్ష్యం. జాషువా ఫోయర్, రోజర్ బెనెట్ పోటీ పెట్టి, పందిరి నియమాలను యథాతథంగా వాస్తుశిల్పుల చేతికిచ్చారు. ఆరు వందలకు పైగా నమూనాలు వచ్చాయి, పన్నెండు కట్టారు. ఒకదానికి గాజు గోడల మీద ఒకే ఒక్క దేవదారు దుంగను పైకప్పుగా నిలిపారు. ఇది వట్టి ఆడంబరమని కొట్టిపారేయబోయేవాళ్లు నాలుగు బెత్తెల వెడల్పున్న పలక పైకప్పుగా పనికొస్తుందా అని తల్మూదులోనే రబ్బీలు, అంటే యూదు మతపండితులు, తగువులాడుకున్న సంగతి గుర్తుంచుకోవాలి. ఆ దుంగ పాత వాదాన్నే నడిబజార్లో మళ్లీ తెరిచింది. ఇంకో జంట, రొనాల్డ్ రేల్, వర్జీనియా శాన్ ఫ్రాటెల్లో, ఇల్లూవాకిలీ లేనివాళ్లు వీధుల్లో పట్టుకునే అట్టముక్కల బోర్డులను వాళ్ల దగ్గరే డబ్బిచ్చి కొని, వాటితో గోడలు కట్టారు. తాత్కాలికమైన గూటిలో కూర్చుని, తమ పూర్వీకులు ఎడారిలో గుడారాలలో తిరిగారని తలుచుకునే పండుగకు అంతకంటే సూటి గోడ నాకు తోచడం లేదు. ఒక్క నియమమూ తప్పకుండానే ఆ మాట చెప్పగలిగారు. అసలు ఈ ఊహలకు ఊపిరి పోసింది నియమాలే. ఏం కట్టినా ఫరవాలేదని పోటీ పెట్టి ఉంటే పన్నెండు అందమైన షెడ్లు వచ్చేవి.

అలాగని స్వేచ్ఛ అన్ని వస్తువులకూ ఒకే కొలతలో లేదు. మోషే ధర్మశాస్త్రం రాసి ఉండే తోరా చుట్టలో కళాకారుడికి జాగా దాదాపు లేదు. తోలు, సిరా, అక్షరం తీరు, వరుసల అమరిక అన్నీ లేఖకుడికి ముందే నిర్ణయమై ఉంటాయి. గుమ్మానికి కొట్టే మెజూజా లోపలి తోలుపత్రమూ అంతే: ద్వితీయోపదేశకాండంలోని రెండు భాగాలు, 713 అక్షరాలు, చేతిరాతతో. ఒక అక్షరం తప్పితే ఆ పత్రం చెల్లదు. దాన్ని దాచే గొట్టం మాత్రం చెక్కదైనా, వెండిదైనా, సిమెంటుదైనా సరే. ఇక వారపు విశ్రాంతిదినమైన సబ్బాతు రాత్రి ద్రాక్షారసం పోసే కిద్దుష్ గిన్నెకు నిర్ణీత పరిమాణం పట్టడం, పగుళ్లు లేకపోవడం చాలు. గెలుపును తలుచుకుంటూ ఎనిమిది రాత్రులు జరుపుకునే హనుక్కా దీపాల్లో ఎనిమిది వత్తులు వేటికవి విడిగా కనబడాలి, కలిసిపోయి చలిమంటలా మండకూడదు. పని అయిపోయాక ఏం చేయాలన్న దగ్గరా తల్మూదు తేడా చూపింది. అక్షరాన్ని మోసే వస్తువు పాడైతే గౌరవంగా దాచాలి లేదా పూడ్చాలి. పందిరి కర్రలాంటివి, క్రతువుకు సాయపడేవే తప్ప సొంత పవిత్రత లేనివి, పారేయవచ్చు. ఇంత తేటగా గీతలు గీసిన సంప్రదాయానికి కళాకారుడి నుంచి ముప్పు వస్తుందని భయపడటం, తాళం వేసిన ఇంటికి కాపలా పెట్టడం లాంటిదే.

పాత రూపాలను కాపాడాలనేవాళ్లు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఏ పాత రూపం? ఐరోపాలో చాలాచోట్ల వృత్తిసంఘాలు యూదులను చేర్చుకోలేదు. అందుకే ఇప్పుడు సంప్రదాయ యూదు వెండి అని మనం మురిసిపోయే వస్తువుల్లో ఎన్నో క్రైస్తవ కంసాలుల చేతి పని. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో యోహాన్ ఆడమ్ బోలర్ చేసిన హనుక్కా దీపం ఇప్పుడు న్యూయార్క్‌లోని జ్యూయిష్ మ్యూజియంలో ఉంది, ఆనాటి జర్మన్ బరోక్ వంపులన్నీ ఒంటినిండా పూసుకుని. సబ్బాతు ముగిసేవేళ వాసన చూసే సుగంధద్రవ్యాల డబ్బాలు ఐరోపాలో బురుజుల ఆకారంలో ఉండేవి. ఆ బురుజులు పక్కనున్న ఊళ్లవే. మన వైపుకొస్తే, కొచ్చిలోని పరదేశి సినగాగు అనే యూదుల ప్రార్థనాలయంలో తోరాకు పెట్టే బంగారు కిరీటం 19వ శతాబ్దం మొదట్లో తిరువాన్కూరు మహారాజు ఇచ్చినది. ఎవరి చేయి, ఏ దేశపు పోకడ అన్నది ఏనాడూ అడ్డం కాలేదు. లుడ్విగ్ వోల్పర్ట్ 1930లో వెండి, ఎబొనీ కర్ర, గాజుతో పస్కా భోజనానికి అంతస్తుల పళ్లెం చేసినప్పుడు, నగిషీ లేని నున్నటి గీతలు చూసి ఇది ఫ్యాక్టరీ సామాను అనుకున్నవాళ్లుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. కానీ బోలర్ తన కాలపు వంపును వాడుకున్నట్టే వోల్పర్ట్ తన కాలపు గీతను వాడుకున్నాడు, అంతే. ఆయన 1956లో న్యూయార్క్ వచ్చి, జ్యూయిష్ మ్యూజియంలోనే టోబ్ పాషర్ వర్క్‌షాపును నడిపి, ఇళ్లకూ సినగాగులకూ వస్తువులు చేసిచ్చాడు. హెబ్రీ అక్షరాలనే అలంకారంగా, ఒక్కోసారి నిర్మాణంగా నిలబెట్టడం ఆయన పద్ధతి. అక్షరానికి పెద్దపీట వేసే మతానికి అంతకంటే సహజమైన నగిషీ ఏముంటుంది?

ఇది డబ్బున్నవాళ్ల ముచ్చట కాదా అన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది. ఆజ్ఞను అందంగా పాటించడమనే భావానికి యూదులు హిద్దుర్ మిత్స్వా అని పేరు పెట్టారు. మంచి పందిరి, మంచి కొమ్ముబూర, ప్రార్థనవస్త్రానికి మంచి కుచ్చులు సమకూర్చుకోమంటుంది తల్మూదు. నిర్గమకాండంలో ప్రత్యక్షపు గుడారం పని అప్పగించిన బెసలేలు తెలుగు బైబిలు చదివేవాళ్లకు కొత్తవాడు కాడు. 1906లో బోరిస్ షాట్జ్ యెరూషలేములో పెట్టిన కళాశాలకు ఆ పేరే పెట్టాడు. కానీ అందం కోసం ఎంత పెట్టాలన్న ప్రశ్నకు కూడా అదే తల్మూదు హద్దు గీసింది: మామూలు ఖర్చు మీద మూడోవంతు. అంటే ఆడంబరానికి కళ్లెం వేసింది కూడా సంప్రదాయమే. గాజు బీరువాలో పెట్టుకోవడానికి లక్షలు పోసి కొనే దీపం ఆ లెక్కలో ఎక్కడ నిలుస్తుందో కొన్నవాళ్లే చూసుకోవాలి. మరోవైపు, కైరోలో పుట్టిన, యూదుడు కాని కరీమ్ రషీద్ 2004లో సిలికోన్‌తో చేసిన హనుక్కా దీపం వెండి అయితేనే భక్తి అనే భ్రమను ఇట్టే తీసేస్తుంది. అది నాకు అంతగా నచ్చదు, బొమ్మల కొట్లో సరుకులా ఉంటుంది. కానీ వత్తి వెలిగించడానికి నా ఇష్టాయిష్టాలతో పనేముంది!

కొత్త వస్తువు కొత్త క్రతువును పుట్టించినప్పుడు చిక్కు ముదురుతుంది. రేచల్ కాంటర్ 2005లో చేసిన కుచ్చుల వస్త్రం వంటింటి ఏప్రన్ కత్తిరింపులో ఉంటుంది. నాలుగు మూలలున్న వస్త్రానికి కుచ్చులు కట్టాలన్నదే ఆజ్ఞ, దాని కోత గురించి ఏమీ చెప్పలేదు. సంప్రదాయవాదులు స్త్రీలకు ఆ బాధ్యత లేదంటారు. బాధ్యత లేదనడం నిషేధమనడం ఒకటి కాదని మరికొందరు. ఈ తగువు ఏప్రన్ తెచ్చింది కాదు, ఏప్రన్ దాన్ని దాచలేనట్టు చేసింది. పురుషుడి భుజాల మీది శాలువాగానే ఊహించిన ప్రార్థనవస్త్రాన్ని వంట చేసే ఆవిడ ఒంటి కొలతకు దించడం వాదన గెలవదు, కానీ వాదన ఎవరి గురించో మరచిపోనివ్వదు. పస్కా బల్ల మీద ఏలీయా ప్రవక్త పేరిట ఉంచే గిన్నె పక్కన మోషే అక్క మిర్యాము పేరిట గిన్నె వెలిసిన తీరు కూడా ఇలాంటిదే. 1980ల చివర బోస్టన్‌లో ఒక స్త్రీల బృందం మొదలుపెట్టిన ఆ నీళ్ల గిన్నెకు 1990లలో ఎందరో కళాకారులు రూపాలిచ్చారు. ఏ శాసనమూ దాన్ని అడగలేదు, నిజమే. ఏలీయా గిన్నెను కూడా తోరా ఆజ్ఞాపించలేదు. ఆచారంగా వచ్చి కుదురుకుంది. మిర్యాము గిన్నె నిలుస్తుందా లేదా అన్నది రబ్బీ తీర్పు కంటే ఎన్ని ఇళ్లలో ఏటా దాంట్లో నీళ్లు పోస్తారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

నా ఫిర్యాదు అక్కడే, మ్యూజియాల మీద. జ్యూయిష్ మ్యూజియం 2009లో డేనియల్ బెలాస్కో ఆధ్వర్యంలో రీఇన్వెంటింగ్ రిచువల్ అనే ప్రదర్శన పెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాంటెంపరరీ జ్యూయిష్ మ్యూజియం 1980ల నుంచి డోరతీ సాక్స్ పేరిట కళాకారులను పిలిచి ఒక్కో పూజావస్తువును కొత్తగా ఊహించమంది. మేలు జరగలేదనను. ఈ ఆహ్వానాలు లేకపోతే ఆ పని చేయాలన్న ఆలోచనే చాలామందికి వచ్చేది కాదు. కానీ ప్రదర్శన కోసం పుట్టిన వస్తువు క్రమంగా క్రతువు గురించి వ్యాఖ్యానం అవుతుంది, క్రతువులో పనిముట్టుగా మిగలదు. రిచర్డ్ మైయర్ 1985లో రూపొందించిన హనుక్కా దీపంలో ఒక్కో దీపస్తంభం యూదులు హింసకు గురైన ఒక్కో చోటి, ఒక్కో కాలపు వాస్తుశైలిని గుర్తు చేస్తుంది. తెలివైన ఊహ. అయితే గెలుపు పండుగకు ఓటముల జాబితా వెలిగించడం ఎలా ఉంటుందో ఎనిమిది రాత్రులు దాని ముందు కూర్చున్న కుటుంబమే చెప్పాలి, బీరువా అద్దం చెప్పలేదు. హనుక్కా వెలుగులో చదువుకోకూడదు, పని చేసుకోకూడదు, ఊరికే చూడాలి అన్నది నియమమే కదా, మ్యూజియంలోనూ చూడటమే కదా అని ఎవరైనా ఎదురు ప్రశ్న వేయవచ్చు. నిజానికి చమత్కారమైన వాదన. కానీ నియమం చూడమన్నది దీపపు సెమ్మెను కాదు, ఆ రాత్రి ఎవరో వెలిగించిన మంటను. మ్యూజియం కప్పు కింద పనిచేస్తూనే వోల్పర్ట్ ఇళ్లకు వస్తువులు పంపాడు గనక, తప్పు గోడలది కాదు, బయటికి దారి లేకపోవడానిది.

వార్సాలో హెలెనా చెర్నెక్, అలెక్సాండర్ ప్రుగార్ అనే జంట మి పోలిన్ పేరుతో చేస్తున్న పని ఆ దారి ఎలా ఉంటుందో చూపిస్తుంది. యుద్ధానికి ముందు పోలండ్‌లో సుమారు 33 లక్షల మంది యూదులుండేవారు. వాళ్లలో దాదాపు 30 లక్షల మందిని చంపేశారు. గుమ్మాలకున్న మెజూజాలు పోయాయి, వాటిని బిగించిన చోట ద్వారబంధంలో వాలుగా ఒక గంటు, రెండు మేకు రంధ్రాలు, పొరలు పొరలుగా రంగు మాత్రం మిగిలాయి. ఈ జంట అలాంటి గుమ్మాలను ఊరూరా వెతికి, ఆ గంటుకు అచ్చు తీసి, కంచులో పోత పోస్తారు, మీద ఆ ఇంటి చిరునామా చెక్కుతారు. ఖాళీయే ఇక్కడ వస్తువు. ఇది స్మారకంగా ఆగిపోయి ఉంటే మైయర్ దీపానికీ దీనికీ తేడా లేదు. కానీ ఆ కంచుపోత మెజూజాయే: లోపల తోలుపత్రం పెట్టి, కుడివైపు ద్వారబంధానికి బిగించుకోవడానికి తయారైనది. దాన్ని బిగించిన ఇంట్లో బడికి పరిగెత్తే పిల్ల గడప దాటుతూ దాన్ని తాకి, ఆ వేళ్లను ముద్దుపెట్టుకుంటుంది. రోజూ ఆ చేతులు తగిలి కంచు అక్కడక్కడ నున్నబడుతుంది.