ట్రైపాడ్ కొనేముందు నేల చూడండి

కెమెరాకి నలభై వేలు, లెన్సుకి ఇంకో ఇరవై వేలు కళ్ళు మూసుకుని పెట్టేస్తాం. ట్రైపాడ్ దగ్గరికొచ్చేసరికి కూరగాయల బేరం మొదలెడతాం. ఆరొందల ప్లాస్టిక్ ముక్కాలి మీద అరవై వేల సరుకు నిలబెట్టి, భారం దేవుడి మీద వేస్తాం. ఈ లెక్క నా బుర్రకి ఎక్కదు.

నేననేది ఒక్కటే. ట్రైపాడ్‌ని కొట్లో నున్నటి టైల్స్ మీద చూసి కాదు, మనం తిరిగే నేలని తలుచుకుని ఎంచుకోవాలి.

మా గుంటూరు, ప్రకాశం వైపే తీసుకోండి. (2022లో జిల్లాలు విడగొట్టాక సూర్యలంక బాపట్లకి, కొండవీడు పల్నాడుకి వెళ్ళాయి గానీ నేల అదే కదా!) పత్తి చేలల్లో నల్లరేగడి. వానకి ఉబ్బి బంకలా పట్టుకుంటుంది, ఎండకి నెర్రెలిస్తుంది. తడినేలలో సన్నకాళ్ళ ట్రైపాడ్ మెల్లగా దిగబడుతుంది. కంటికి తెలీదు, ఫొటోలో తెలుస్తుంది. మిరప కల్లాల్లో దుమ్ము. సూర్యలంకలో ఇసుక, ఉప్పుగాలి. ఉప్పలపాడులో గూడబాతులు చెట్ల మీదకి చేరే వేళకి వెలుతురు పడిపోతుంది. సెకనులో పదిహేనో వంతు షట్టర్‌తో, పెద్ద లెన్సు చేత్తో పట్టుకుని తీస్తే పక్షి బదులు పొగ వస్తుంది.

మరి ఏం చూడాలి?

ఒకటి, లావు కాళ్ళు. నాలుగైదు ముక్కలుగా మడిచేవి బ్యాగులో ముద్దుగా ఇముడుతాయి, కానీ చివరి ముక్క చీపురుపుల్లలా ఉంటుంది. మూడు ముక్కలవే నయం.

రెండు, మధ్య కడ్డీ ఎత్తకుండానే కంటి ఎత్తుకి రావాలి. అది ఎత్తారా, ముక్కాలి కాస్తా ఒంటికాలవుతుంది.

మూడు, కాళ్ళు వేరుగా, తల వేరుగా దొరికేది కొనండి. తల బిగించే 3/8 అంగుళాల మర, కెమెరా బిగించే 1/4 అంగుళం మర, రెండూ ఐఎస్ఓ 1222 ప్రమాణంలో ఉన్నవే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో, ఇంటర్‌ఫేస్ మారలేదు. ఫిల్ము కెమెరా పోయి డిజిటల్ వచ్చినా, ఇవాళ ఫోన్ హోల్డర్ తగిలించినా అదే మర.

నాలుగు, లాకులు విప్పి శుభ్రం చేసుకునే వీలుండాలి, విడిభాగాలు దొరకాలి.

కొండవీడు కోటంతా మోసుకు తిరిగేవాళ్ళకి కార్బన్ ఫైబర్ తేలిక. మిగతావాళ్ళకి అల్యూమినియం చాలు, ధరా తక్కువే. ఇసుకలోనో బురదలోనో పెట్టేటప్పుడు కింది ముక్కని కాస్త బయటికి లాగితే లాకు వాటికి అందదు. రేగడిలో కాళ్ళ కింద చెక్కముక్కలు వేయండి. సముద్రం నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

"ఫోన్లోనే స్టెబిలైజేషన్ ఉందిగా" అంటారేమో. ఉంది, చెయ్యి వణుకుని కొంతవరకు సర్దుతుంది. కానీ ఫొటో తీసేవాణ్ణి ఫొటోలోకి తీసుకురాలేదు. సంక్రాంతికి ఇంటిల్లిపాదీ వరసగా నిలబడితే, మన ఆల్బముల్లో ఎప్పుడూ తగ్గేది ఆ ఒక్కడే. టైమర్ నొక్కి, నాయనమ్మ పక్కకి పరిగెత్తి నిలబడాలంటే వెనక కెమెరా పడిపోదన్న ధీమా ఉండాలి. ఆ ధీమాకి నాలుగు డబ్బులు ఎక్కువ పెడితే తప్పేంటి?