సముద్రము చెంత వంటిల్లు



విశాఖపట్టణమనగానే పలువురకు నీలిసముద్రమును, ఇసుకతిన్నెలును తోచును. ఆ యూరు సముద్రము వైపు కుచ్చిళ్ళు సవరించుకొని నిలుచున్న మాట నిజమే. కాని పెరటివైపు చూచినవారికి గదా దాని సంసారము తెలియును! బొగ్గుకుప్పలు, ఖనిజపు గుట్టలు, చమురు శుద్ధిచేయు గొట్టములు, ఉక్కు కరగించు కొలుములు. సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన కొండకు డాల్ఫిన్స్ నోస్, అనగా డాల్ఫిన్ ముక్కు అని పేరు. చేపల వాసనయు చమురు వాసనయు కలిసిన గాలిని రేయింబగళ్ళు పీల్చుచు, ఒక్కసారియైన తుమ్మక నిలిచిన ఆ ముక్కును మెచ్చుకొనవలసినదే.

మా అనంతపురమున ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కావున అంత నీటిని చూచినప్పుడు మా సీమ ఆడువారికి మొదట కలుగునది సౌందర్యానందము కాదు, ఎన్ని బిందెలగునో అను లెక్క! ఆ లెక్కయు వృథాయే. ఉక్కు కర్మాగారమునకు సైతము ఏలేరు జలాశయము నుండి సుమారు 150 కిలోమీటర్ల కాలువ త్రవ్వి నీరు తేవలసివచ్చెను. పంచభక్ష్యముల ముందు ఏకాదశి వ్రతమనగా నిదియే!

దుమ్ము విషయమున మాత్రము మా రెండూళ్ళకును వియ్యము కుదురును. ఇచట వేసవిగాలికి ఎఱ్ఱదుమ్ము, అచటి పాతపట్టణమున బొగ్గునుసి. ఉదయమున తెల్లచీర దండెముపై ఆరవేసి, సాయంకాలమునకు చుక్కలచీరగా తీసికొనుట అచటి గృహిణులకు క్రొత్త కాదు. అద్దకపు కూలి మిగిలినదని సంతోషింపవలెను గాబోలు!

నవ్వితిమి సరే, న్యాయము కూడ చెప్పవలదా? అచట 1933లో రేవు తెరచిరి. 1948లో 'జలఉష' యను ఓడ అచ్చటనే కట్టబడి నీట దిగెను. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో జరిగిన ఉద్యమమున 32 మంది ప్రాణములర్పించిరి. ఎన్నో పల్లెలవారు ఇండ్లు, పొలములు విడువగా లేచిన ఆ కర్మాగారము 1992లో జాతికి అంకితమయ్యెను.

ఆ యూరు మన వంటిల్లు. విందు తిన్నవారు వడ్డనను మెచ్చుకొందురు గాని వంటింటి మసిని తలచరు. తలచినచో ముక్కు చిట్లింతురు. మసి యంటని వంట యెచట నున్నది? అయినను పొగగూడు లేని యింట వండుమనుట అధర్మము. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, కొన్ని వారములు మూతబడియున్న ఒక రసాయన కర్మాగారపు తొట్టిలో నిలువయున్న స్టైరీన్ వేడెక్కి ఆవిరియై, నిద్రించుచున్న వేంకటాపురపు ఇండ్లపై క్రమ్మి 12 మందిని బలిగొన్నది. పొయ్యిపై పాలు పెట్టి పరాకుగా నుండరాదని పదేండ్ల పిల్లకును తెలియును. పెద్ద పొయ్యిలు పెట్టినవారికి ఆ మాట ఎవరు నేర్పవలెను?

విశాఖ పోవు సోదరీమణులు సముద్రమును తప్పక చూడుడు. పిమ్మట పాతపట్టణపు వీథులలోని దండెములను కూడ ఒకసారి చూచి రండు. ఊరి కుశలము అచట ఆరవేసిన బట్టలే ముందుగా చెప్పును.