ఎర్రచీర, ఆకుపచ్చ అంచు

అశోక్ చౌక్ ఇండ్లలో గోడలకున్న పాత పెండ్లిఫోటోలను ఒకసారి తేరిపార చూడవలసిందని పాఠకులకు మా మనవి. చీర ఎర్రనిది, అంచు ఆకుపచ్చనిది అని పెద్దలు చెబుతారు. ఫోటోలో మాత్రం రెండూ ఒకటే చాయ. మగ్గం మీద ఎంతో ఓపికతో తెచ్చిన అంచు చీరలో కలిసిపోయి ఉంటుంది.

ఇది తీసినవారి తప్పు కాదు. నలుపు తెలుపు ఫిల్ముకు రంగు తెలియదు. వెలుగు హెచ్చుతగ్గులే తెలుసు. పూర్వపు ఫిల్ములలో అనేకం ఎరుపును గ్రహించేవి కావు గనుక ఎర్రచీర నల్లగా పడేది. 1906లో ఇంగ్లండులోని రాటన్ అండ్ వెయిన్‌రైట్ కంపెనీ అన్ని రంగులనూ గ్రహించే పాన్‌క్రొమాటిక్ ప్లేట్లను అమ్మకానికి తెచ్చింది. అటువంటి ఫిల్ములు వాడుకలోకి వచ్చిన తరువాత కూడా ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిదరంగుగా పడే చిక్కు మిగిలింది. దానికి విరుగుడు లెన్సు ముందు పెట్టే రంగుటద్దం, అనగా ఫిల్టరు. ఫిల్టర్లకు నేటికీ రాటన్ నంబర్లు వాడుకలో ఉన్నవి.

సూత్రం సులువైనది. ఏ రంగు అద్దం పెడితే ఆ రంగు ఫోటోలో తెల్లబడుతుంది, దానికి ఎదురు రంగు నల్లబడుతుంది. 25వ నంబరు ఎర్ర ఫిల్టరుతో తీస్తే చద్దరులోని ఎర్రపూలు తేలికపడి, ఆకుపచ్చ తీగలు ముదురుతాయి. 11వ నంబరు ఆకుపచ్చ ఫిల్టరుతో తీస్తే ఇందుకు తారుమారు. 8వ నంబరు పసుపు ఫిల్టరు ఆకాశాన్ని కొద్దిగా ముదిర్చి మబ్బులను చూపుతుంది. సిద్ధేశ్వర దేవాలయాన్ని చెరువుతో సహా తీసేవారికి అది చాలు.

అయితే అద్దం కొంత వెలుగును మింగుతుంది. పసుపుకు రెండింతలు, 11వ నంబరుకు నాలుగింతలు, ఎరుపుకు ఎనిమిదింతలు వెలుగు కావాలి. సెకనులో 250వ వంతు చాలినచోట ఎర్ర ఫిల్టరుతో 30వ వంతు ఇవ్వాలి. కనుక కెమెరాను స్టాండుపై నిలపడం మేలు.

మరొక హెచ్చరిక. చీరకు మంచిదని ఎర్ర ఫిల్టరును ముఖానికి వాడరాదు. పెదవులు పాలిపోతాయి, నొసటి కుంకుమ మాయమవుతుంది. బొట్టులేని ముత్తైదువ ఫోటోను ఏ ఇంట గోడకు తగిలిస్తారు? మనుషులకు పసుపు ఫిల్టరే క్షేమం. చీరను విడిగా పరచి, దానికి తగిన ఫిల్టరుతో మరొకటి తీసుకోవాలి.

చేతి ఫోనులోనే రంగుల ఫోటో వస్తుండగా ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. రంగు ఫోటోలోని అద్దకం ఏండ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. అద్దకాల సంగతి మనవారికి వేరే చెప్పాలా? నలుపు తెలుపు ఫోటోలోని బొమ్మ వెండితో ఏర్పడినది. సరిగా కడిగి భద్రపరిస్తే చిరకాలం నిలుస్తుంది.

పెట్టెలలోని పాతచీరలు పిగిలిపోక ముందే ఈ పని చేయవలెనని మా కోరిక. ఫోటో వెనుక చీర రంగులు, నేసినవారి పేరు, సంవత్సరం మెత్తని పెన్సిలుతో వ్రాసి ఉంచండి. ఏ ఫిల్టరూ చెప్పలేని సంగతులు అవి.