ఏసీ రిమోట్‌లో 6 డిగ్రీలు.. కరెంటు బిల్లులో రూ.479 తేడా!

ఎండలో పడి ఇంటికి రాగానే చాలామంది చేసే పని ఒక్కటే, ఏసీని 18కో 20కో తగ్గించేయడం. గది తొందరగా చల్లబడుతుందని నమ్మకం. కానీ మామూలు ఏసీ 20లో పెట్టినా, 26లో పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది. తేడా అంతా కంప్రెసర్ ఎంతసేపు నడుస్తుందన్న దగ్గరే. 26 దగ్గర ఆగాల్సింది 20 కోసం నడుస్తూనే ఉంటుంది, మీటర్ కూడా తిరుగుతూనే ఉంటుంది.

ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ వాడే కరెంటులో సుమారు 6 శాతం ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అంచనా. అందుకే 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ రూం ఏసీలకు 24 డిగ్రీల డిఫాల్ట్ సెట్టింగ్ తప్పనిసరి చేశారు.

6 శాతమే కదా అనుకోవద్దు. తెలంగాణలో అసలు దెబ్బ స్లాబ్ దగ్గర పడుతుంది. 2025-26 టారిఫ్ ప్రకారం వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ రూ.3.40, తర్వాతి వందకు రూ.4.80. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రూ.5.10, ఆపైన 300 వరకు రూ.7.70. అంటే 200 యూనిట్లకు రూ.820 అయ్యే చార్జీ, 201కి రూ.1,027.70 అవుతుంది. ఒక్క యూనిట్ ఖరీదు రూ.207!

ఒక ఇంటి లెక్క చూద్దాం. ఫ్యాన్లు, ఫ్రిజ్ వగైరాకు నెలకు 110 యూనిట్లు, 20 డిగ్రీల ఏసీకి 120, మొత్తం 230. ఎనర్జీ చార్జీ రూ.1,251. అదే ఏసీని 26లో పెడితే దాని వాడకం మూడో వంతు తగ్గుతుంది. మొత్తం 190 యూనిట్లు, చార్జీ రూ.772. ఫిక్స్‌డ్ చార్జీలు అదనం.

గృహజ్యోతి లబ్ధిదారులకు ఇది ఇంకా పెద్ద విషయం. 200 లోపు ఉంటే జీరో బిల్లు, దాటితే మొత్తం కట్టాల్సిందే.

26లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిప్పితే చల్లదనానికి లోటుండదు. ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే బిల్లు భయంతో ఏసీ ఆపేయడం కన్నా ఇదే మంచి దారి. నెల మధ్యలో ఓసారి మీటర్ రీడింగ్‌ను పాత బిల్లుతో పోల్చుకుంటే, 200 గీతకు ఎంత దూరంలో ఉన్నారో ముందే తెలుస్తుంది. బిల్లు చేతికొచ్చాక చేయగలిగేదేమీ ఉండదు.