ఉద్దానానికి కావలసిన చదువు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలతో పాటు వేలాది విద్యుత్ స్తంభాలను కూల్చివేయడంతో, శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతమైన ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో మగ్గి, మోటార్లు ఆడక తాగునీటికీ కటకటలాడాయి. కంప్యూటర్ కోర్సుల మోజులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగును చిన్నచూపు చూసే, ఉద్దానంలోని కంచిలి ప్రాంత తల్లిదండ్రులు ఆ రోజులను గుర్తుచేసుకోవాలి. 33 కిలోవోల్టుల విద్యుత్తును 11కు తగ్గించే సబ్‌స్టేషన్, అక్కడి నుంచి ఊళ్లకు సాగే ఫీడరు అనే లైను, దాన్ని ఇళ్లకు తగిన వోల్టేజీకి దించే ట్రాన్స్‌ఫార్మరు, ఇవన్నీ ఉప్పుగాలికి తుప్పుపట్టే తీరంలో నిలవాలంటే నేలనెరిగిన ఇంజనీర్లు కావాలి.

అలాంటి ఇంజనీర్లు కావడానికి దారి ఉంది. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి డిప్లొమా పూర్తిచేసినవారు, ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఖర్చు తక్కువైన ఈ దారిని బడులు పిల్లలకు సరిగా చెప్పడం లేదన్నది విచారకరం. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్నందుకు 2010 జులై 14న సోంపేటలో పోలీసు కాల్పులు చవిచూసిన ఈ ప్రాంతానికి, లైన్లు వేసేవారే కాక, రేపటి ప్రాజెక్టు నివేదికలను చదివి నిలదీయగల సొంత ఇంజనీర్లూ అవసరమే. స్థానిక డిప్లొమా విద్యార్థులకు సబ్‌స్టేషన్లలో అప్రెంటిస్ శిక్షణను ప్రభుత్వం విస్తరించాలి.