రిజిస్ట్రీ జోలికి పోకండి

ధర్మవరంలో జాకార్డ్ డిజైన్లు గీసే, నాకు తెలిసిన ఓ కుర్రాడి కంప్యూటర్ ఈ వారం మూలనపడింది. వైరస్ వల్ల కాదు, కరెంటు వల్లా కాదు. నెమ్మదించిందని సర్వీసుకిస్తే, ‘రిజిస్ట్రీ నిండా ఎర్రర్లే ఉన్నాయన్నా, క్లీన్ చేసేస్తా’ అని ఐదు వందలు తీసుకుని ఏదో ఉచిత క్లీనర్ నడిపారు. వేగం పెరగలేదు సరికదా, డిజైన్ సాఫ్ట్‌వేర్ తన లైసెన్సు డాంగిల్‌నే గుర్తుపట్టడం మానేసింది. పెళ్లిళ్ల ఆర్డర్లు నెత్తిమీదున్న వేళ అతను పడుతున్న అవస్థ చూస్తే నాకు కడుపు మండింది.

హిందూపురం, పెనుకొండల్లోనూ ఇదే తంతు. నెట్ సెంటరైనా, డీటీపీ షాపైనా, కంప్యూటర్ మొరాయిస్తే ముందు వినిపించేది రిజిస్ట్రీ మాటే. విండోస్ సెట్టింగులు, డ్రైవర్ల వివరాలు, ఏ ఫైలు ఏ ప్రోగ్రామ్‌తో తెరుచుకోవాలన్న లెక్క అన్నీ ఉండేది అందులోనే. లక్షల నమోదులుంటాయి. విండోస్ వాటిలో తనకు కావలసినదాన్ని నేరుగా వెతికి తీసుకుంటుంది. వెయ్యి పేజీల నిఘంటువులో పది పాత పదాలు కొట్టేస్తే మిగతావి త్వరగా దొరుకుతాయా? ఇలాంటి క్లీనర్లను తాము సమర్థించబోమని, వాటివల్ల విండోస్ మళ్లీ వేసుకోవాల్సిన పరిస్థితి కూడా రావచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది. 2017లో సీక్లీనర్‌లోకి దొంగలు చొరబడి, కంపెనీ సొంత సైట్ నుంచే 22 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి మాల్వేర్ పంపారు. అంత పేరున్న క్లీనర్‌కే ఆ గతి పట్టింది.

భయపెట్టి డబ్బు గుంజే ఈ వ్యాపారం మన దగ్గర మాత్రమే కాదు. అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాలు ఉచితంగా కంప్యూటర్ ‘హెల్త్ చెక్’ చేసేవి. మొదట్లో అడిగే ప్రశ్నల్లో ‘నెమ్మదించింది’ అని టిక్కు పెడితే చాలు, స్కాన్‌లో ఏం దొరికినా దొరకకపోయినా మాల్వేర్ లక్షణాలున్నాయని తేల్చేదట ఆ సాఫ్ట్‌వేర్. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే 2019లో ఆ సంస్థా, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్‌డాట్‌కామూ కలిసి 3.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. మన ఊళ్లలో అడిగే దిక్కేది?

కంప్యూటర్ నెమ్మదించడానికి అసలు కారణాలు చాలావరకు కళ్లెదుటే ఉంటాయి. పాత హార్డ్‌డిస్క్, చాలని ర్యామ్, ఆన్ చేయగానే వరసకట్టి లేచే ప్రోగ్రాములు. ఐదు వందలు క్లీనింగుకు తగలేసే బదులు, ఇంకొంత కలిపి హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ వేయించుకోండి. అక్కర్లేని ప్రోగ్రామును సెట్టింగుల్లోంచే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తప్పనిసరై రిజిస్ట్రీలో చెయ్యిపెట్టాల్సి వస్తే, ముందు రీస్టోర్ పాయింట్ పెట్టుకుని, మార్చబోయే భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ఒకప్పుడు విండోస్, రిజిస్ట్రీ నకలును తనంతట తానే ‘రెగ్‌బ్యాక్’ ఫోల్డర్‌లో దాచేది. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి ఆ పని మానేసింది. ఇప్పుడా ఫోల్డర్ తెరిస్తే ఫైళ్లు కనబడినా, వాటి సైజు సున్నాయే. చాలామంది మెకానిక్‌లకే ఈ సంగతి తెలియదు.

నకలు మాట వచ్చింది కాబట్టి ఇంకో బాధ కూడా చెప్పాలి. లేపాక్షి గుడి పైకప్పు చిత్రాల్లోంచి దిగి ధర్మవరం కొంగుల మీదికొచ్చిన డిజైన్లు, ఏళ్లతరబడి గీసిన బార్డర్లు, బుటాలు ఇవాళ ఒక్కో డిజైనర్ దగ్గర ఒక్క హార్డ్‌డిస్క్‌లోనే ఉంటున్నాయి. ఒకప్పుడు గ్రాఫు కాగితమైనా, గుద్దిన అట్టలైనా అటకమీద మిగిలేవి. ఇప్పుడు డిస్క్ పోతే డిజైన్ పోయినట్టే. ధర్మవరం చీరకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం, సంతోషం. ఆ చీర మీది డిజైన్లకు రెండో నకలు మాత్రం ఎక్కడుంది? ప్రదర్శనలకు, సన్మానాలకు ఖర్చుపెడుతున్న చేనేత శాఖ ధర్మవరంలో ఒక్క సర్వర్ పెట్టించలేదా? డిజైనర్లు తమ ఫైళ్లను తమ పేరుతో, తమ హక్కుతో దాచుకునే వీలు అక్కడ కల్పించాలి. వచ్చే బడ్జెట్ దాకా ఆగే పని కాదిది.